ఈ రోజు బస్సు లేదు

ఎనిమిదేళ్ళుగా ఈ రోడ్డు నాకు తెలుసు.
కూర్చుని తెలుసు.
షెఫీల్డులో ఎక్లెసాల్ రోడ్డంటే
ఎక్కడ బ్రేకు మెత్తగా తొక్కాలో,
ఏ సందులోంచి సైకిలువాడు ఊడిపడతాడో,
ఏ గుంత దగ్గర వెనక సీటు పిల్లలు
కావాలని ఎగురుతారో.

ఈ ఆదివారం దాన్ని మూసేశారు.
స్టాపు స్తంభాలకి పసుపు కాగితం చుట్టారు:
ఈ రోజు బస్సు లేదు.
లేనిది నా బస్సే.
దాన్ని ఆపినవాళ్ళలో నేనూ ఉన్నాను,
నాలుగు పిన్నీసులతో ఛాతీ మీద
నాలుగువేల నూట డెబ్బై ఆరు తగిలించుకుని,
కూర్చుని కూర్చుని
షుగరు గడపదాకా వెళ్ళొచ్చిన ఒంటితో.

ఇంత దూరం ముందెప్పుడూ పరిగెత్తలేదా అంటే
పరిగెత్తాను. రెండుసార్లు.
లేట్ షిఫ్టు దిగాక, కాలవగట్టున,
చీకట్లో, దొంగలా.
అవి లెక్కలోకి రావన్నాడు కీత్,
మా డిపోలో టైంటేబుళ్ళు రాసేవాడు.
"చిప్పుండాలి, గీతుండాలి,
గీత దగ్గర నిన్నెరగనివాడొకడు నిలబడాలి."
నవ్వేసి, ఆ రాత్రే ఫీజు కట్టాను.

హారన్ మోగింది.
నా బస్సుదాని కన్నా నాసి.
అందరూ నన్ను ఓవర్‌టేక్ చేస్తున్నారు,
ఇండికేటరు వెయ్యకుండా.
అరటిపండు వేషంవాడు దాటాడు.
మోకాలికి పట్టీ కట్టుకున్న తాత దాటాడు.
తోపుడుబండిలో నిద్రపోతున్న పాప కూడా
నన్ను దాటిపోయింది.

నంబరు కింద పేరు అచ్చేశారు: శేషారత్నం.
రోడ్డు పక్కన ఎవరికీ నోరు తిరగలేదు.
"కమాన్ షీషా" అన్నాడొకడు.
"కమాన్ సారా" అందొకావిడ.
కొండ సగానికొచ్చేసరికి
ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నాను.

బస్సులో ఈ ఎత్తు
ఆక్సిలరేటరు మీద ఇంకొంచెం బొటనవేలు.
అంతే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

పొన్నూరు హైస్కూల్లో కబడ్డీ కూతకి నాకు పేరు.
గుక్క తిప్పుకోకుండా గీత దాటి
ఒకర్ని ముట్టుకుని వెనక్కి రావాలి.
నలభై తొమ్మిదిలో ఆ కూత
రెండు దీపస్తంభాలకే తెగింది.
తెగితే అవుటు.
ఎవరూ అవుటనలేదు.
ముందుపళ్ళు లేని పిల్లొకతె
నా అరచేతిలో నారింజ తొన పెట్టింది.

బ్యానర్ క్రాస్ స్టాపులో ఆడ్రీ గారు.
ప్రతి ఆదివారం నా బండికే చర్చికెళ్ళే మనిషి.
పసుపు కాగితం చదవలేదో, చదివీ నమ్మలేదో,
నన్ను చూసి అలవాటుగా చెయ్యి చాపింది.
అలవాటుగా
నేను ఆగాను.
వెనకవాడు గుద్దబోయి, గొణుక్కుంటూ తప్పుకున్నాడు.
తలుపు తెరిచే మీట కోసం
నా చెయ్యి గాలిలో వెతికింది.
"లేటయ్యావమ్మా" అంది.
"ట్రాఫిక్కండీ" అన్నాను, గసపోస్తూ.

దిగుడంతా బ్రేకులే.
మోకాళ్ళలోంచి కాలిన వాసన రాలేదంతే.
పదకొండో మైలు తర్వాత నాకు గుర్తున్నవి తక్కువ.
కుడి సాక్సులో తడి.
ఉప్పు కళ్ళలోకి.
వెనక కోన్లు ఏరుకుంటూ వస్తున్న వ్యాను,
ఆరెంజి దీపం తిప్పుకుంటూ.
నా వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు హారన్ కొట్టేవాళ్ళే.
అది కొట్టలేదు.

గీత అంటే రబ్బరు పట్టా.
కాలు పడగానే కీచుమంది.
నన్నెరగని కుర్రాడొకడు
నా వంక చూడకుండానే మెడలో పతకం వేసి
పక్కనున్నవాడితో ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నాడు.
మూడు గంటల రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు.
అఫీషియల్.

కీత్ మెసేజి: రెండు నిమిషాలు ఆలస్యం. కారణం రాయవలెను.
ప్యాసింజరు, అని రాశాను.

సోమవారం తెల్లారగట్ల ఐదున్నరకి
డ్రైవరు సీట్లోకి పక్కవాటుగా, పీతలా ఎక్కాను.
అదే కొండ. ఖాళీ బస్సు.
సగం ఎత్తులో ఇంజను మూలిగింది.
"తెలుసులేవే" అన్నాను,
డాష్‌బోర్డు మీద చెయ్యేసి.